ముత్తాతగారి పిస్తోళ్లను మెరిపించకండి

ప్రశ్న: మాది కాకినాడ. మా ముత్తాతగారు ఒక జమీందారీలో ఉద్యోగం చేసేవారట. ఆయన నాటి పిస్తోళ్ల జత ఒకటి చెక్కపెట్టెలో మా ఇంట్లో ఉంది. గొట్టం మూతిలోంచి మందూ గుండూ కూరి పేల్చే రకం. పెట్టె లోపల ఆకుపచ్చ ఊలు బట్ట అతికించి ఉంది. వాటితోపాటు మందు పోసుకునే ఇత్తడి బుడ్డి, చిన్న రేకు డబ్బాలో రాగి టోపీలు, తెల్లటి పొడి పట్టిన సీసపు గుండ్లు ఉన్నాయి. గొట్టాలు ముదురు గోధుమ రంగులో ఉన్నాయి, అక్కడక్కడా తుప్పు కనిపిస్తోంది. ఇత్తడి నల్లబడింది. మా నాన్నగారు ఈమధ్యే కాలం చేశారు. లైసెన్సు కాగితం ఏదీ దొరకలేదు. బాబాయి గరుకు కాగితంతో రుద్ది కొబ్బరి నూనె రాయమంటున్నారు. అమ్మ ఏటా విజయదశమికి వాటికి పసుపు, కుంకుమ పెట్టి పూజ చేస్తుంది. డాలస్‌లో ఉన్న తమ్ముడు ఒకటి తనకు కావాలంటున్నాడు. వీటిని ఎలా శుభ్రం చేయాలి? ఎక్కడ దాచాలి? బ్యాంకు లాకరులో పెట్టవచ్చా?

జవాబు: అమ్మా, ముందు మీ బాబాయిగారి చేతిలోని గరుకు కాగితం పక్కన పెట్టించండి. ఆయన ప్రేమతోనే చెబుతున్నారు, సందేహం లేదు. కానీ పాత ఆయుధాలకు జరిగే నష్టంలో చాలా భాగం వాటిని ప్రేమించేవాళ్ల చేతుల్లోనే జరుగుతుంది. నూరేళ్ల తేమ చేయలేని పాడు ఒక్క మధ్యాహ్నం గరుకు కాగితం చేస్తుంది. మీరు మొదటి ప్రశ్నగా శుభ్రం చేయడం గురించి అడిగారు. నా లెక్కలో అది మూడోది. అవి ఖాళీగా ఉన్నాయా లేదా అన్నది మొదటిది. వాటిని ఉంచుకునే హక్కు మీకు కాగితం మీద ఉందా అన్నది రెండోది.

మూతిలోంచి మందు కూరే పిస్తోలును ఒకసారి నింపాక ఖాళీ చేయడం సులువు కాదు. పేల్చాలి, లేదా గుండును మరతో బయటికి లాగాలి. అందుకే ఆ రోజుల్లో చాలామంది నింపిన పిస్తోలును అలాగే పెట్టెలో పెట్టేసేవారు. ఆ తర్వాత యజమాని పోతాడు, పెట్టె అటక ఎక్కుతుంది, లోపల మందు ఉన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. తుపాకీ మందు అంటే సురేకారం, బొగ్గు, గంధకం కలిపిన పొడి. ఇవేవీ కుళ్లేవి కావు, మురిగేవి కావు. పొడిగా ఉన్నంతకాలం నూట యాభై ఏళ్ల తర్వాత కూడా ఆ మందు అంటుకుంటుంది. తడిసి ఎండినదైనా నమ్మడానికి వీల్లేదు. ‘ఇంత పాతదానిలో ఇంకేం ఉంటుంది’ అనే మాట మీ ఇంట్లో ఎవరి నోటా రాకూడదు.

పరీక్ష ఇలా ఉంటుంది. ముందుగా గొట్టం వెనక కొసన, సుత్తి వచ్చి కొట్టే చోట, చిన్న మొన ఒకటి ఉంటుంది. దాని మీద రాగి టోపీ తొడిగి ఉందేమో ముట్టుకోకుండా కంటితో చూడండి. ఉంటే అక్కడితో ఆగిపోండి. సుత్తిని ఎత్తవద్దు, దించవద్దు, టోపీని గోటితో లాగవద్దు. పిస్తోలు మూతిని మనుషులు లేని గోడవైపు తిప్పి ఉంచి, గది తలుపు వేసి, పోలీసులకు చెప్పండి. టోపీ లేకపోతే, సన్నని చెక్క పుల్లను మూతిలోంచి మెల్లగా లోపలికి పోనిచ్చి, ఆగిన చోట మూతి దగ్గర పెన్సిలుతో గీత పెట్టండి. ఇనుప చువ్వ వాడవద్దు. ముఖంగానీ అరచేయిగానీ మూతికి ఎదురుగా రానివ్వకండి. పుల్లను బయటికి తీసి, గొట్టం పక్కన ఆనించి కొలవండి. పుల్ల చివర ఆ మొన మొదలు దాకా వెళితే గొట్టం ఖాళీ అయి ఉండవచ్చు. అంగుళమో రెండంగుళాలో ముందే ఆగిపోతే లోపల ఏదో ఉంది. అది గుండూ మందూ కావచ్చు, బట్టపీలిక కావచ్చు, కందిరీగ కట్టిన మట్టిగూడు కావచ్చు. ఏదైనా సరే, నింపిన పిస్తోలుగానే చూడాలి. దాన్ని గుచ్చి లాగడం, నీళ్లు పోయడం, వేడి చేయడం, మర బిగించడం ఇంట్లో చేసే పనులు కావు. జిల్లా పోలీసు ఆయుధాగారంలో ఆర్మరర్, అంటే ఆయుధాల పని తెలిసిన నిపుణులు, ఉంటారు. అది వారి పని. పుల్ల పూర్తిగా వెళ్లినా ఆర్మరర్ ఒకసారి చూసేదాకా పూర్తిగా నమ్మకండి. రెండో పిస్తోలుకు ఇదే పరీక్ష విడిగా చేయాలి. ఒకటి ఖాళీ అయినంత మాత్రాన రెండోదీ ఖాళీ అని కాదు.

ఇత్తడి బుడ్డి, టోపీల డబ్బా మరీ జాగ్రత్తగా చూడవలసినవి. ఆ టోపీల లోపల అంటించి ఉండే పదార్థం దెబ్బకు పేలుతుంది. ఆ కాలంలో ఎక్కువగా వాడింది పాదరసపు ఫల్మినేట్. డబ్బా మూత బిగుసుకుపోతే కత్తితో ఎత్తే ప్రయత్నం చేయవద్దు. బుడ్డిని కదిలించి ‘గలగలమంటోందా’ అని వినవద్దు. పిల్లలు ముట్టని చోట, దీపానికీ పొయ్యికీ ఎండకూ దూరంగా, పిస్తోళ్లకు విడిగా ఉంచి, అధికారులకు ఇచ్చే అర్జీలో వాటి సంగతి కూడా రాయండి. ఖాళీ చేయించుకున్న తర్వాత బుడ్డి, డబ్బా మీ దగ్గరే ఉండవచ్చు. లోపలి సరుకు ఉండకూడదు.

ఇక చట్టం. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని బతిమాలుతున్నాను. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ దగ్గర ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలి. ‘పాతదైతే అక్కర్లేదు’ అని ఊళ్లో అందరూ చెప్పే మాట సగమే నిజం. ఆ చట్టం 45వ సెక్షన్ పాతకాలపు నమూనా ఆయుధాలను, పురావస్తు విలువ ఉన్నవాటిని, పాడైపోయినవాటిని మినహాయించింది. కానీ బాగుచేసినా, చేయకపోయినా పేల్చడానికి పనికిరానివై ఉండాలనే షరతు అక్కడే ఉంది. మీ పిస్తోళ్లు పనిచేసే స్థితిలో ఉంటే ఆ మినహాయింపు వాటికి వర్తించదు. 2020లో నియమాలను సవరించి, క్యూరియో, అంటే అపురూపమైన పాత వస్తువుగా దాచుకునే వర్గంలోకి వచ్చే చిన్న ఆయుధాలను భారత పౌరులు లైసెన్సు లేకుండా సంపాదించవచ్చు, ఉంచుకోవచ్చు అన్నారు. అయితే వాటిని వాడాలన్నా, వెంట తీసుకువెళ్లాలన్నా, ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపాలన్నా లైసెన్సు ఉండాల్సిందే. మీవి ఆ వర్గంలోకి వస్తాయో రావో మీరూ నేనూ తేల్చుకునే విషయం కాదు, లైసెన్సులిచ్చే అధికారి తేల్చాలి. కాకినాడలో అది జిల్లా కలెక్టరు కార్యాలయం. పోలీసు కమిషనరేటు ఉన్న నగరాల్లో కమిషనర్.

కాబట్టి పెట్టె చంకన పెట్టుకుని పోలీస్ స్టేషనుకు బయలుదేరకండి. ఆ ప్రయాణమే చిక్కు తేగలదు. ఫొటోలు తీసి, ఈ వ్యవహారాలు తెలిసిన న్యాయవాదితో ఒకసారి మాట్లాడి, కలెక్టరుకు అర్జీ, స్టేషనుకు దాని నకలు ఇవ్వండి. నాన్నగారి మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం జతచేయండి. అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి. వస్తువును ఎలా చూపించాలో వారే చెబుతారు. నిర్ణయం వచ్చేదాకా స్టేషనులోనో లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గరో డిపాజిట్ చేయమంటే చేయండి. వస్తువుల స్థితిని వివరించే రసీదు, ఫొటోల మీద వారి ముద్ర మాత్రం అడిగి తీసుకోండి. లైసెన్సు అవసరమని తేలితే వారసులుగా దరఖాస్తు చేసుకోవచ్చు. ఒక మనిషికి రెండు తుపాకులే అన్న హద్దు 2019 సవరణతో వచ్చింది, వారసత్వంగా వచ్చినవాటికీ అదే హద్దు. మీ ఇంట్లో ఇంకెవరి పేరనైనా ఆయుధం ఉంటే న్యాయవాదికి ఆ సంగతి చెప్పండి.

పాత కాగితాలను ఇంకోసారి వెతకండి అని కూడా చెబుతాను. 1878లో వైస్రాయి లిట్టన్ కాలంలో వచ్చిన ఆయుధాల చట్టం భారతీయులు లైసెన్సు లేకుండా ఆయుధం ఉంచుకోకూడదని కట్టడి చేసింది. జమీందారీ కొలువులో ఉన్న మనిషి దగ్గర పిస్తోళ్లు ఉన్నాయంటే అనుమతి పత్రమో, మినహాయింపు పత్రమో, ఆఖరికి కచేరీ ఉత్తరమో ఉండి ఉండే అవకాశం ఎక్కువ. దస్తావేజుల కట్టల్లో, పాత పంచాంగాల మధ్య, పెట్టెలోని బట్ట అడుగున కూడా చూడండి. దొరికితే అది అధికారులకు ఆధారం, మీ వంశానికి చరిత్ర.

ఈ రెండూ తేలాక శుభ్రం చేయడం గురించి మాట్లాడుకుందాం. ముందు మీ దగ్గర ఉన్నది ఏమిటో తెలుసుకోవాలి. రాగి టోపీతో పేలే పద్ధతి 1820ల తర్వాత వ్యాపించింది. అంతకుముందు చెకుముకి రాయి నిప్పురవ్వతో పేల్చేవారు. కనుక మీ జత ఆ కాలం తర్వాతది, లేదా చెకుముకి పిస్తోలును తర్వాత మార్చినది. గొట్టం అడుగున, వెనక కొస దగ్గర చిన్న ముద్రలు ఉంటాయి. కిరీటం కింద అక్షరాలు గానీ, కిరీటంతో అడ్డంగా కలిసిన రాజదండాలు గానీ కనిపిస్తే అవి గొట్టాన్ని ఎక్కువ మందుతో పరీక్షించి నెగ్గిందని ఇంగ్లండులో వేసిన ముద్రలు. బర్మింగ్‌హామ్‌లో ఆ పరీక్షశాల 1813లో మొదలైంది. పక్కనున్న యంత్రపు పలక మీద హృదయాకారపు గుర్తో, కిరీటం పట్టుకున్న సింహమో ఉంటే ఈస్టిండియా కంపెనీ సరుకు. పిడి మీద చిన్న వెండి బిళ్ల, దాని మీద చెక్కిన అక్షరాలు ఉంటే అవి మొదటి యజమానివి కావచ్చు. ఇవన్నీ ఒక వెంట్రుకవాసి లోతున ఉన్న గీతలు. గరుకు కాగితం మొదట తినేసేది వాటినే. ఆ పైన మిగిలేది మెరిసే ఇనుప గొట్టం ఒక్కటే. అది ఎవరిదో, ఎక్కడిదో, ఎప్పటిదో చెప్పే నోరు దానికి ఉండదు.

మీరు తుప్పు అనుకుంటున్న ఆ గోధుమ రంగు తుప్పు కాకపోవచ్చు. ఆ కాలపు పనివాళ్లు గొట్టానికి పదేపదే రసాయనం పూసి, సన్నటి తుప్పు పట్టించి, రుద్ది, మళ్లీ పట్టించి ఆ రంగు తెచ్చేవారు. వెలుతురు కంటికి కొట్టకుండా ఉండడానికీ, లోపలి ఇనుము కాపాడడానికీ అది. ఇనుమునూ ఉక్కునూ మెలితిప్పి చేసిన గొట్టాల మీద ఆ రంగులోనే పాము పొలుసుల్లాంటి అలలు కనిపిస్తాయి. దాన్ని గీకి ‘కొత్తగా’ చేసినవాళ్లు వస్తువు విలువలో పెద్ద భాగాన్ని చెత్తబుట్టలో వేసినట్టే. హైదరాబాద్ వెళ్లినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఆయుధాల గ్యాలరీలో కాసేపు నిలబడి చూడండి. పాత లోహం రంగు ఎలా ఉంటుందో కంటికి అలవాటవుతుంది.

గొట్టం మీద ఏది ఉండాలి, ఏది పోవాలి అన్నది ఇలా చూస్తారు. నున్నగా, గట్టిగా, ముదురు గోధుమ రంగులో నిలిచి ఉన్నది ఉండాలి. నారింజ ఎరుపులో పొడిపొడిగా, తెల్లటి గుడ్డతో తుడిస్తే గుడ్డకు అంటేది, చిన్న బొబ్బల్లా లేచినది బతికున్న తుప్పు. అది ఇంకా తింటూనే ఉంటుంది, దాన్ని ఆపాలి. ఆ చోట మాత్రమే సన్నని యంత్రపు నూనె చుక్క వేసి ఒకటి రెండు రోజులు నానబెట్టండి. చెక్కకు నూనె అంటకుండా చూసుకోండి. తర్వాత వెదురు పుల్ల చెక్కిన కొసతో పొడిని మెల్లగా లేపి, మెత్తని నూలు గుడ్డతో తుడవండి. చాలకపోతే మళ్లీ నానబెట్టండి. చుట్టూ ఉన్న గోధుమ రంగు లేస్తోందనిపిస్తే ఆ క్షణమే ఆపేయండి. మచ్చ కొంచెం మిగిలితే మిగలనీయండి. ఇనుప తీగ బ్రష్షు, తుప్పు కరిగించే ద్రావకాలు, నిమ్మకాయ, వెనిగర్, బ్యాటరీ పెట్టి తుప్పు వదిలించే ప్రయోగాలు వద్దే వద్దు. తుప్పు బాగా లోతుకు దిగి గుంటలు పడి ఉంటే మీరు చేయి పెట్టవద్దు. పాత వస్తువుల సంరక్షణ నేర్చినవారు ఉన్నారు. 1976లో లక్నోలో నెలకొల్పిన సాంస్కృతిక సంపద సంరక్షణ జాతీయ పరిశోధనశాల ఈ విద్యకే అంకితమైన సంస్థ. సాలార్‌జంగ్ మ్యూజియంకూ సొంత సంరక్షణ ప్రయోగశాల ఉంది. ఏ దారిన వెళ్లాలో వారిని రాసి అడగవచ్చు.

ఇత్తడి విషయంలో మన ఇళ్లలో చేయి వెంటనే చింతపండు మీదికి పోతుంది. బిందెకు అది మంచిదే, వారానికోసారి తోమినా బిందె బిందెలాగే ఉంటుంది. పిస్తోలు ఇత్తడి మీద నగిషీ ఉంటుంది, పక్కనే ఇనుము ఉంటుంది, కింద చెక్క ఉంటుంది. చింతపండులోని ఆమ్లం సందుల్లోకి దిగి ఇనుమును తినడం మొదలుపెడుతుంది. డబ్బాల్లో అమ్మే పాలిష్ ద్రవాలు కూడా వద్దు. చాలావాటిలో గరుకు పొడి, అమ్మోనియా ఉంటాయి. అమ్మోనియా పాత ఇత్తడిలో పగుళ్లు తెస్తుంది. నలుపు అలాగే ఉండనీయండి, అది ఇత్తడి తనకు తాను కప్పుకున్న పొర. పచ్చటి చిలుము మాత్రం పుల్లతో లేపి తీసేయాలి. వెండి బిళ్ల నల్లగా ఉంటే మెత్తని పొడి గుడ్డతో ఒకసారి ఒత్తి వదిలేయండి.

నూనె గురించి మీ బాబాయిగారికి వివరంగా చెప్పండి. కొబ్బరి నూనె, నువ్వుల నూనె, ఆముదం ఇవన్నీ గింజల నూనెలు. గాలి తగిలి మెల్లగా జిడ్డుగా, తర్వాత బంకగా మారి, దుమ్మును పట్టి ఉంచి, ఆమ్లం తయారుచేస్తాయి. కిరోసిన్ ఆరిపోతుంది, కాపాడదు. బిగుసుకున్న మరలు వదులు చేయడానికి కొట్టే స్ప్రేలు కూడా ఏళ్ల తరబడి కాపాడేందుకు చేసినవి కావు.

మ్యూజియంలలో ఎక్కువగా వాడేది మైక్రోక్రిస్టలైన్ మైనం. లండన్ బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో 1950లలో రూపొందించిన రెనైసాన్స్ వ్యాక్స్ దీనిలో పేరున్నది. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఖరీదు ఎక్కువే అయినా చిన్న డబ్బా ఏళ్లు వస్తుంది. ముందు లోహం మీది నూనెజిడ్డును మినరల్ టర్పెంటైన్ తడిపిన గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. కిటికీలు తెరిచి, మంటకు దూరంగా చేయండి. తర్వాత ఆవగింజంత మైనం గుడ్డ మీద తీసుకుని, కంటికి కనిపించీ కనిపించనంత పలచగా రుద్ది, కాసేపయ్యాక పొడి గుడ్డతో తుడవాలి. మందంగా పూస్తే తెల్లగా గీతలు కడుతుంది. తుప్పు మీద మైనం వేయవద్దు, లోపల తేమను బంధించినట్టవుతుంది. చెక్క పిడికి కూడా అదే మైనం పలచగా సరిపోతుంది. అవిసె నూనె, వార్నిష్, షూ పాలిష్ రాయవద్దు. పిడికి సన్నని పగులు ఉంటే ఫెవికాల్‌తో అతికించవద్దు, అలాగే కదలకుండా ఉంచండి.

విడదీయాలన్న కోరిక కలుగుతుంది, ముఖ్యంగా ఇంట్లో యంత్రాల మీద ఆసక్తి ఉన్న కుర్రవాళ్లుంటే. మరలు విప్పనివ్వకండి. ఆ మరలు చేతితో చేసినవి, ప్రతి దానికీ దాని గాడికి సరిపడే పనిముట్టే కావాలి. బజారులో కొన్న స్క్రూడ్రైవర్ ఆ గాడిని చీల్చేస్తుంది. ట్రిగ్గర్ నొక్కి ‘టక్’మనిపించడం కూడా వద్దు. ఖాళీ మొన మీద పడ్డ సుత్తి మొననో, లోపలి స్ప్రింగునో విరగ్గొట్టవచ్చు. ఆర్మరర్ ఖాళీ అని తేల్చినప్పుడే సుత్తిని కిందికి దింపించుకోండి. స్ప్రింగు ఏళ్ల తరబడి బిగుతుగా నిలబడి ఉండకూడదు. పట్టుకునేటప్పుడు మందుల షాపులో దొరికే నైట్రైల్ చేతి తొడుగులు వేసుకోండి. చెమటలోని ఉప్పు వేలిముద్ర ఆకారంలోనే తుప్పు పుట్టిస్తుంది. నూలు తొడుగులతో నున్నటి పిడి జారిపోతుంది.

గుండ్ల మీది తెల్లటి పొడి మీరు రాసిన ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపిన మాట. అది సీసం చెడి ఏర్పడే కార్బనేటు, విషం. దాన్ని ఊదకండి, దులపకండి. తొడుగులతో తీసి మూత బిగుతుగా ఉండే గాజు సీసాలో వేసి, పేరు రాసి, చేతులు కడుక్కోండి. అంతకన్నా ముఖ్యంగా, ఆ పొడి మీ పెట్టె గురించి ఒక సంగతి చెబుతోంది. ఇంగ్లండు పెట్టెలు ఎక్కువగా ఓక్ లేదా మహాగని చెక్కవి. ఓక్ తన జీవితమంతా కొద్దికొద్దిగా ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి వదులుతుంది. మూసిన పెట్టెలో అది సీసాన్ని తెల్లబరుస్తుంది, ఇనుమునూ వదలదు. లోపలి ఊలు బట్ట తేమను పీల్చుకుని లోహానికి ఆనించి ఉంచుతుంది, పైగా చిమ్మెటలకు తిండి. అందంగా ఉన్నా ఆ పెట్టె పిస్తోళ్లకు మంచి ఇల్లు కాదు. పెట్టెను విడిగా ఖాళీగా దాచండి. చూపించవలసిన రోజున జతను అందులో అమర్చి, చూపించి, మళ్లీ బయటికి తీయండి. పెట్టె మూత లోపల తయారీదారు కాగితపు చీటీ అంటించి ఉంటే దాన్ని ప్రాణంగా చూసుకోండి.

మరి పిస్తోళ్లు ఎక్కడ? ఆహార పదార్థాలకు వాడే, మూత చుట్టూ రబ్బరు పట్టీ ఉన్న పాలీప్రొపైలిన్ డబ్బా రెండు పిస్తోళ్లకు సరిపడేది కొనండి. అడుగున ఉతికిన తెల్ల నూలు బట్ట మడత, ఆమ్లం లేని టిష్యూ కాగితం వేసి, ఒకదానికొకటి తగలకుండా పడుకోబెట్టండి. న్యూస్‌పేపరు చుట్టవద్దు, దానిలో ఆమ్లం ఉంటుంది. పీవీసీ సంచులు, థర్మోకోల్, తోలు కవర్లు వద్దు. తోలు పదును చేసిన రసాయనాలు, అది పట్టి ఉంచే తేమ ఇనుమునూ ఇత్తడినీ రెంటినీ తింటాయి. పాత తోలు ఒర ఉంటే దాన్ని కూడా విడిగానే ఉంచండి. కలరా ఉండలు కూడా డబ్బాలో వేయకండి. వాటి ఆవిరి చల్లని లోహం మీద మళ్లీ పేరుకుంటుంది.

కాకినాడ గాలి మీ అసలు శత్రువు. ఇనుము మీద తుప్పు వేగం గాలిలో తేమ 60 శాతం దాటాక బాగా పెరుగుతుంది. సముద్రపు ఉప్పు తోడైతే అంతకన్నా తక్కువలోనే మొదలవుతుంది. మీ ఊళ్లో చాలా నెలలు తేమ అంతకు పైనే. అలాగని మరీ ఆరబెడితే చెక్క కుంచించుకుపోయి పగులుతుంది. డబ్బా లోపల 45 నుంచి 50 శాతం మధ్య నిలకడగా ఉంటే రెండింటికీ సరిపోతుంది. చిన్న డిజిటల్ తేమమాపకం ఒకటి డబ్బాలోనే పెట్టండి. సిలికా జెల్ గుడ్డ సంచిలో కట్టి, లోహానికి తగలకుండా ఒక మూల ఉంచండి. నారింజ రంగు రకం తీసుకోండి. నీలం రకంలో ఒంటికి మంచిది కాని కోబాల్ట్ ఉంటుంది. రంగు మారినప్పుడు ఓవెన్‌లో సుమారు 110, 120 డిగ్రీల మధ్య కొన్ని గంటలు వేడిచేసి, చల్లారాక మళ్లీ పెట్టవచ్చు. తేమ 40కి తగ్గితే కొన్ని సంచులు తీసేయండి. పొడి గాలి ఉన్న రోజు చూసి డబ్బా మూయండి, వాన రోజున మూస్తే ఆ తేమనే లోపల బిగించినట్టు.

ఆ డబ్బాను తాళం ఉన్న ఇనుప బీరువాలో, నేలకు ఎత్తుగా, ఇంటి మధ్య గోడకు ఆనుకున్న చోట ఉంచండి. బయటి గోడ, స్నానాల గది గోడ, అటక, ఏసీ గాలి నేరుగా తగిలే చోటు వద్దు. తాళంచెవి ఒకరి దగ్గరే ఉండాలి, పిల్లలకు తెలియకూడదు. జూన్ నుంచి నవంబరు దాకా నెలకోసారి తేమమాపకం చూసి, తెల్ల గుడ్డతో ఒక్కసారి తుడిచి ఎరుపు అంటుతోందేమో చూడండి. తుపాను పోయాక కరెంటు వచ్చిన వెంటనే ఒకసారి. మైనం ఏడాదికోసారి చాలు. బ్యాంకు లాకరు ఆలోచన మానుకోండి. 2021లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన కొత్త నియమాల తర్వాత లాకరు ఒప్పందాల్లో ఆయుధాలు, పేలుడు పదార్థాలు పెట్టకూడదన్న షరతు స్పష్టంగా ఉంది. పైగా లాకరులో గాలి ఎలా ఉందో మీకు ఏడాదికోసారైనా తెలియదు.

మీ అమ్మగారి పూజను ఆపమని నేను చెప్పను. ఆయుధ పూజ ఆ వస్తువుల చరిత్రలో భాగమే. పెట్టెలో పిస్తోళ్లున్నాయని ఇంట్లో ఇన్ని తరాలు గుర్తుంచుకున్నది ఏటా జరిగిన ఆ పూజ వల్ల. కానీ కుంకుమలో సున్నపు గుణం ఉంటుంది, పసుపు చెక్కలోకి ఇంకితే ఆ మరక ఇక వదలదు, పూల తేమ, అక్షింతల తడి లోహం మీద రాత్రంతా ఉంటే మర్నాటికి మచ్చ. పిస్తోళ్లను తెల్ల బట్ట పరిచిన పీట మీద ఉంచి, బొట్టు పీటకు, పాత చెక్కపెట్టె ముందు ఉంచిన తమలపాకుకు పెట్టమనండి. హారతి దూరం నుంచి ఇవ్వవచ్చు. ఆర్మరర్ ఖాళీ అని చెప్పేదాకా మాత్రం ఈ ఏడు పీట మీదికి కూడా తేవద్దు. ఆమెకు కారణం చెబితే మనకంటే బాగా అర్థం చేసుకుంటారు. గొట్టం మీద ఇప్పటికే పాత బొట్ల మచ్చలు ఉంటే వాటిని గీకవద్దు. పొడిగా రాలేది రాలనిచ్చి, మిగిలినదాని మీద మైనం వేయండి.

ఒక నోటు పుస్తకం పెట్టండి. పొడవు, గొట్టం రంధ్రం వెడల్పు, బరువు, ప్రతి ముద్ర బొమ్మ, ప్రతి గీత ఎక్కడుందో, ఎప్పుడు ఏం చేశారో రాయండి. పక్క నుంచి వెలుతురు పడేలా ఫొటోలు తీస్తే ముద్రలు బాగా కనిపిస్తాయి. ముత్తాతగారి గురించి అమ్మగారికీ, పెద్దత్తలకూ తెలిసిన సంగతులన్నీ వారి పేర్లతో రాసుకోండి. ఈ ఫొటోలను బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దు. కొనడానికి వచ్చేవాళ్లూ, కాజేయడానికి వచ్చేవాళ్లూ అక్కడి నుంచే వస్తారు.

డాలస్ తమ్ముడికి కాదని చెప్పక తప్పదు. నూరేళ్లు దాటిన కళావస్తువులను, చారిత్రక వస్తువులను దేశం దాటించే హక్కు 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం వ్యక్తులకు ఇవ్వలేదు. ఆయుధం కాబట్టి విమానాశ్రయంలో విడిగా ఇంకో కేసు. సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకుని వెళతానంటే ఒప్పుకోకండి. చట్టం సంగతి వదిలేసినా జతను విడదీయడం తప్పు. ఒకే చేతిపని, ఒకే పెట్టె, ఒకే జోడీగా చేసినవి. విడిపోతే రెండింటి విలువా సగం కాదు, అంతకన్నా తక్కువ. నోటు పుస్తకం నకలు, మంచి ఫొటోలు అతనికి పంపండి. కలెక్టరుకు ఇచ్చే అర్జీతో జతచేసే వారసుల జాబితాలో అతని పేరు కూడా ఉండాలి కదా, అందుకు కావలసిన అంగీకార పత్రం ఇప్పుడే రాయించి తెప్పించుకోండి. అది రావడానికి పట్టే రోజుల్లో పిస్తోళ్లను ఇంకెవరూ ముట్టుకోకుండా ఆ గది తాళం మీ దగ్గరే ఉంచుకోండి.